డైనమో ఉన్న పాత అంబాసిడర్: ఛార్జింగ్ లోపం ఎక్కడుందో వరసగా పట్టుకునే పద్ధతి

పాత అంబాసిడర్‌లో బ్యాటరీ మాటిమాటికీ దిగిపోతుంటే చాలామంది ముందు చేసే పని కొత్త బ్యాటరీ కొనడం. కొన్నాళ్లకి అదీ దిగిపోతుంది. అప్పుడు డైనమో (ఇంజన్ బెల్టుతో తిరిగి కరెంటు పుట్టించేది) విప్పిస్తారు, అయినా కుదరకపోతే కంట్రోల్ బాక్సు మార్పిస్తారు. ఇంత డబ్బు వదిలాక ఇంజన్‌కీ ఛాసిస్‌కీ మధ్యనున్న ఎర్త్ పట్టీ తుప్పు పట్టిందని తేలుతుంది. మెకానిక్ చెడ్డవాడై ఇలా జరగదు. ఊహ మీద సామాను మార్చుకుంటూ పోతే ఎవరి చేతిలోనైనా ఇంతే. ఈ బండిలో ఛార్జింగ్ వ్యవస్థ చాలా సులువైనది. బ్యాటరీ, బెల్టు, డైనమో, రెండు వైర్లు, కంట్రోల్ బాక్సు అనే ఒక పెట్టె. వీటిలో ప్రతిదాన్నీ మిగతావాటి నుంచి విడదీసి, ఇది బాగుందో లేదో విడిగా తేల్చవచ్చు. అందుకు ఒక మామూలు మల్టీమీటరు చాలు. వరస మాత్రం తప్పకూడదు.

ఇది ఏ బండ్లకి వర్తిస్తుంది

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నమూనా మీద హిందుస్తాన్ మోటార్స్ ఉత్తర్‌పారాలో 1950ల చివర నుంచి అంబాసిడర్ తయారు చేసింది. 2014లో ఆపేసింది. ఇక్కడ చెప్పేదంతా డైనమో ఉన్న పాత బండ్ల గురించి. వాటిలో ఉండేది 12 వోల్టుల లూకాస్ పద్ధతి: సి39 లేదా సి40 రకం డైనమో, ఆర్‌బి106 రకం కంట్రోల్ బాక్సు. వోల్టేజిని అదుపు చేసే రెగ్యులేటర్, డైనమోని బ్యాటరీకి కలిపి విడదీసే కటౌట్ ఈ పెట్టెలోనే ఉంటాయి. సి39 గరిష్ఠంగా 19 ఆంపియర్లు, సి40 22 ఆంపియర్లు ఇస్తుంది. అదే కాలపు బ్రిటిష్ కార్లు చాలావాటిలో ఇదే సరంజామా ఉంటుంది కాబట్టి, మీ దగ్గర మోరిస్ మైనర్ ఉన్నా ఈ పరీక్షలు పనికొస్తాయి.

బానెట్ ఎత్తి ముందు ఒకటి తేల్చుకోండి. బెల్టు తిప్పేది సన్నగా, పొడుగ్గా, డబ్బాలా ఉండి, వెనక ఒక పెద్ద టెర్మినల్, ఒక చిన్న టెర్మినల్ ఉంటే అది డైనమో. పొట్టిగా, లావుగా, చుట్టూ గాలి కంతలతో ఉంటే ఆల్టర్నేటర్. తర్వాతి అంబాసిడర్లలో ఆల్టర్నేటర్లే వచ్చాయి, పాత బండ్లకీ చాలామంది పెట్టించుకున్నారు. ఆల్టర్నేటర్ ఉంటే ఈ వ్యాసంలో టెర్మినళ్లు కలిపి చేసే పరీక్షలు చేయకండి, డయోడ్లు కాలిపోతాయి.

జీప్ ఉన్నవాళ్లకి కూడా ఒక హెచ్చరిక. యుద్ధకాలపు విల్లీస్ జీపుల్లో ఉన్న ఆటోలైట్ జనరేటర్‌కి ఫీల్డ్ కాయిల్ (లోపల అయస్కాంతాన్ని పుట్టించే తీగచుట్ట) ఎర్త్ అయ్యేది రెగ్యులేటర్ ద్వారా. లూకాస్‌లో అది డైనమో లోపలే బాడీకి ఎర్త్ అయి ఉంటుంది. రెండింటికీ పరీక్ష చేసే తీరు తలకిందులు. లూకాస్ పద్ధతిని జీపు మీద ప్రయోగిస్తే మంచి రెగ్యులేటర్ కూడా పాడవుతుంది.

లోపం కానిదాన్ని లోపం అనుకోకండి

ఇప్పటి కార్లు నడిపి, తర్వాత డైనమో బండి ఎక్కినవాళ్లకి ఐడిలింగ్‌లో డాష్‌బోర్డు మీది ఛార్జింగ్ ఎర్రలైటు మినుకుమినుకుమంటుంటే టెన్షన్ మొదలవుతుంది. డైనమోకి అది సహజం. నెమ్మదిగా తిరిగేటప్పుడు డైనమో ఇచ్చే వోల్టేజి బ్యాటరీ వోల్టేజిని దాటదు, కాబట్టి కటౌట్ మూసుకోదు, ఛార్జింగ్ జరగదు. యాక్సిలేటర్ కొంచెం నొక్కగానే లైటు ఆరిపోతే సరే.

ఆ లైటు అసలు ఏం చెబుతుందో తెలిస్తే సగం రోగ నిర్ధారణ అయిపోతుంది. దాని ఒక కొస ఇగ్నిషన్ స్విచ్‌కి, రెండో కొస డైనమో కరెంటు బయటికి వచ్చే డి (D) టెర్మినల్‌కి కలిసి ఉంటుంది. రెండు వైపులా వోల్టేజి దాదాపు సమానమైతే ఆరిపోతుంది. అంతకుమించి దానికి తెలిసింది లేదు. లైటు ఆరింది కాబట్టి బ్యాటరీకి కరెంటు చేరుతోందని అనుకోవడానికి వీల్లేదు.

దానిలో ఇంకో సంగతి కూడా దాగి ఉంది. రేజ్ చేసినప్పుడు లైటు ముందు ఆరి, వేగం పెరిగేకొద్దీ మళ్లీ వెలిగి, ఇంకా పెంచితే ఇంకా కాంతివంతమైతే డైనమో బాగా పనిచేస్తోందని అర్థం. డైనమో వోల్టేజి బ్యాటరీని దాటి పైకి పోతోంది, కానీ కరెంటు బ్యాటరీ వైపు దాటడం లేదు. కటౌట్ మూసుకోవడం లేదన్నమాట, లేదా పెట్టె ఎర్త్ వైరు ఊడిపోయింది. ఇలాంటి బండిలో డైనమో విప్పించడం శుద్ధ దండగ. అలాగే బల్బు మాడిపోతే ఆల్టర్నేటర్ బండ్లలో ఛార్జింగే మొదలు కాకపోవచ్చు. డైనమో బండికి ఆ ఇబ్బంది లేదు, లైటు వెలగదంతే.

లెక్క కూడా ఒకటి వేసుకోవాలి. 45 వాట్ల హెడ్‌లైట్లు రెండు అంటే 90 వాట్లు, అంటే ఏడున్నర ఆంపియర్లు. పార్కింగ్, వెనక లైట్లకి రెండు, ఇగ్నిషన్‌కి మూడు నాలుగు, వైపర్‌కి మూడు. వానలో రాత్రిపూట పదహారు ఆంపియర్ల దాకా పోతుంది. సి39 ఇచ్చేదే 19, అదీ హైవే వేగంలో. ఇప్పుడు దానికి 100 వాట్ల హాలోజన్లు రెండు తగిలిస్తే అవొక్కటే పదహారున్నర ఆంపియర్లు లాగుతాయి. ఆ బండిలో డైనమో కొత్తదైనా సరే, హైదరాబాద్ ట్రాఫిక్‌లో గంటసేపు హెడ్‌లైట్లు, ఫ్యాను, పాటలు పెట్టుకుని వెళ్తే బ్యాటరీ దిగుతుంది. దానికి మరమ్మతు ఏమీ లేదు, లోడు తగ్గించుకోవాలి.

పని మొదలుపెట్టే ముందు

డిజిటల్ మల్టీమీటరు, టెస్ట్ ల్యాంపు, క్లిప్పులున్న రెండు మూడు వైరు ముక్కలు, సన్నటి గ్లాస్ పేపరు, స్పానర్లు, పెట్రోలుతో తడిపిన గుడ్డ కావాలి. ముల్లు తిరిగే పాత రకం వోల్ట్‌మీటరు దొరికితే డైనమో పరీక్షకి డిజిటల్‌కన్నా అదే నయం, ఊగిసలాట కంటికి తెలుస్తుంది.

ఉంగరం, వాచీ తీసేయండి. లుంగీ కట్టుకుని తిరిగే ఫ్యాన్ దగ్గరికి వంగకండి. చున్నీ, వదులు చొక్కా చేతులు కూడా అంతే ప్రమాదం. షెడ్ తలుపులు మూసి ఇంజన్ నడపకండి. ఏదైనా విప్పేటప్పుడు బ్యాటరీ ఎర్త్ టెర్మినల్ ముందు తీయాలి, బిగించేటప్పుడు చివర పెట్టాలి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు తీసి "ఇంజన్ ఆగలేదు కాబట్టి డైనమో బాగుంది" అని తేల్చే పద్ధతి మన షాపుల్లో బాగా వాడుకలో ఉంది. అది చేయనివ్వకండి. బ్యాటరీ ఆసరా పోయాక వోల్టేజి ఒక్కసారిగా పైకి లేచి బల్బులు, పాటల పెట్టె ఎగిరిపోతాయి.

తర్వాత పోలారిటీ. ఆ కాలపు బ్రిటిష్ పద్ధతిలో చాలా బండ్లకి బ్యాటరీ ప్లస్ బాడీకి ఎర్త్ అయి ఉండేది. తర్వాత తర్వాత ఎవరో మైనస్ ఎర్త్‌కి మార్చి ఉండవచ్చు. బాడీకి వెళ్లిన లావు వైరు బ్యాటరీ ఏ కొసకి కలిసిందో చూసి కాగితం మీద రాసుకోండి. ప్లస్ ఎర్త్ బండిలో మీటరు మైనస్ గుర్తుతో చూపిస్తే కంగారు పడకండి, అంకె చూడండి చాలు. కింద నేను "లైవ్ కొస" అన్నప్పుడల్లా ఎర్త్ కాని కొస అని అర్థం.

మొదటి మెట్టు: బ్యాటరీ

బండి కనీసం కొన్ని గంటలు ఆగి ఉన్నాక బ్యాటరీ వోల్టేజి చూడండి. 12.6 లేదా 12.7 ఉంటే నిండుగా ఉంది. 12.4 అంటే సుమారు ముప్పావు, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు. సగానికి దిగిన బ్యాటరీతో ఛార్జింగ్ పరీక్షలు చేస్తే అంకెలు తప్పుదారి పట్టిస్తాయి, కాబట్టి ముందు బయట ఛార్జర్‌తో నింపండి. నిండాక సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజి ఎంతకి దిగుతుందో చూడండి. 10 దాటి నిలబడితే బ్యాటరీ ఫర్వాలేదు. 8, 9కి పడిపోతుంటే బ్యాటరీలోనో, దాని టెర్మినళ్లలోనో లోపం.

మూతలు తీసే రకం బ్యాటరీ అయితే యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటరు ఇంకా నమ్మకమైనది. ఆరు గదుల్లో ఒక్కటి మిగతావాటికన్నా బాగా తక్కువ చూపిస్తే ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే, డైనమోని తిట్టి లాభం లేదు. మన ఎండలకి సంబంధించిన ముచ్చట ఒకటుంది. పాత లూకాస్ పట్టికలు 32 డిగ్రీలు దాటని వాతావరణానికి నిండు ఛార్జ్ 1.270 నుంచి 1.290 అని, దాటే ప్రాంతాలకి 1.210 నుంచి 1.230 అని విడిగా ఇస్తాయి. విదేశీ మాన్యువల్‌లోని మొదటి అంకె చూసి, మన బ్యాటరీ ఎప్పటికీ నిండడం లేదని యాసిడ్ కలిపేవాళ్లున్నారు. యాసిడ్ ఎప్పుడూ కలపకూడదు, తగ్గిన మేరకు డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. ఎంత ఉండాలనేదానికి మీ బ్యాటరీ తయారీదారు ఇచ్చిన అంకె పాటించండి.

రెండో మెట్టు: బెల్టు, ఎర్త్, జాయింట్లు

ఫ్యాన్ బెల్టుని పొడుగైన భాగం మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు అర అంగుళం దిగాలి. వదులైతే జారుతుంది. అతిగా బిగిస్తే డైనమో ముందు బేరింగు, వాటర్ పంపు బేరింగు రెండూ అరుగుతాయి. బెల్టు లోపలి ముఖం అద్దంలా నున్నగా మెరుస్తుంటే బిగించినా జారుతుంది, మార్చేయండి.

ఎర్త్ సంగతి దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఈ బండ్లలో రోగాలు ఎక్కువగా ఇక్కడే ఉంటాయి. ఇంజన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుంది, కాబట్టి ఒక అల్లిక పట్టీ ద్వారానే ఛాసిస్‌తో కలుస్తుంది. ఇంజన్ ఓవర్‌హాల్ చేసి రంగు వేసినప్పుడు ఆ పట్టీని రంగు మీదే బిగించడమో, అసలు పెట్టడం మరచిపోవడమో చూస్తుంటాం. అది లేకపోతే కరెంటు యాక్సిలేటర్ కేబుల్, చోక్ కేబుల్ ద్వారా దారి వెతుక్కుంటుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు చోక్ తీగ వేడెక్కుతుంటే కారణం ఇదే.

కంటికి బాగానే కనిపించే జాయింటు లోపల బాగుందో లేదో మీటరే చెప్పాలి. ఇంజన్‌ని ఓ మోస్తరు వేగంలో పెట్టి, హెడ్‌లైట్లు వేసి, మీటరుని వోల్టుల మీద పెట్టి ఒక పుల్లని డైనమో బాడీకి, రెండోదాన్ని బ్యాటరీ ఎర్త్ పోస్టుకే ఆనించండి. క్లాంపుకి కాదు, సీసపు పోస్టుకి. రెండూ ఎర్తే కాబట్టి సున్నాకి దగ్గరగా ఉండాలి. 0.2 వోల్టులు దాటితే దారిలో ఎక్కడో తుప్పు ఉంది. పుల్లని ఒక్కో జాయింటు దాటించుకుంటూ పోతే ఏ జాయింటు దగ్గర అంకె ఎగురుతుందో అదే దొంగ. అదే పద్ధతిలో కంట్రోల్ బాక్సు మీద 'ఏ' (A) అని గుర్తున్న టెర్మినల్ నుంచి బ్యాటరీ లైవ్ పోస్టు దాకా చూడండి, అక్కడ అర వోల్టు మించకూడదు. విప్పి, మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన కొంచెం పెట్రోలియం జెల్లీ రాయండి. ఇక్కడితోనే చాలా బండ్ల కథ ముగుస్తుంది.

మూడో మెట్టు: డైనమోని ఒంటరిగా పరీక్షించడం

డైనమో వెనక రెండు టెర్మినళ్లు ఉంటాయి. పెద్దది డి, తయారైన కరెంటు దీని ద్వారా బయటికి వస్తుంది. చిన్నది ఎఫ్, ఫీల్డ్ కాయిల్‌కి వెళ్లేది. లూకాస్ రంగుల ప్రకారం డి వైరు గోధుమ మీద పసుపు గీత, ఎఫ్ వైరు గోధుమ మీద ఆకుపచ్చ గీత. మళ్లీ వైరింగ్ చేసిన బండ్లలో ఈ రంగుల్ని నమ్మకండి. రెండు వైర్లకీ చీటీ కట్టి, ఇంజన్ ఆపి ఉండగా విప్పండి. డి మీద రేడియో గరగర తగ్గించే కెపాసిటర్ ఉంటే దాన్నీ విప్పండి. అది లోపల షార్ట్ అయితే మంచి డైనమో కూడా చచ్చినట్టు కనిపిస్తుంది. ఆ కెపాసిటర్ ఎఫ్‌కి తగిలించి ఉంటే మళ్లీ అక్కడ పెట్టకండి, రెగ్యులేటర్ పాయింట్లు (తెరుచుకుని మూసుకునే కాంటాక్టులు) దానివల్ల కాలిపోతాయి.

ఇప్పుడు డి, ఎఫ్ టెర్మినళ్లని చిన్న వైరు ముక్కతో కలపండి. మీటరు ఒక పుల్ల ఆ కలిపిన చోట, రెండోది డైనమో బాడీకి. ఇంజన్ స్టార్ట్ చేసి ఐడిలింగ్ నుంచి నెమ్మదిగా, ఇంజన్ వేగం నిమిషానికి 1000 చుట్ల దాకా మాత్రమే పెంచండి. వోల్టేజి ఊగకుండా చకచకా పైకి పోవాలి. 20 దాటనివ్వకండి. ఇప్పుడు దాన్ని అదుపు చేసే రెగ్యులేటర్ మధ్యలో లేదు, ఇంకా రేజ్ చేస్తే కాయిళ్లు కాలతాయి. కొన్ని సెకన్లలో పరీక్ష ముగించి ఇంజన్ ఆపండి.

అంకెలే రోగం పేరు చెబుతాయి. వోల్టేజి చక్కగా ఎక్కితే డైనమో నిర్దోషి, దాన్ని విప్పక్కర్లేదు, ఐదో మెట్టుకి వెళ్లండి. అసలు సున్నా అయితే బ్రష్షులు (కార్బన్ ముక్కలు) కమ్యుటేటర్‌కి (ఇరుసు మీద తిరిగే రాగి పట్టీల వలయానికి) ఆనడం లేదు. అర వోల్టు, ఒక వోల్టు దగ్గర ఆగిపోతే ఆర్మేచర్ (లోపల తిరిగే తీగచుట్టల భాగం), బ్రష్షులు బాగానే ఉన్నాయి, ఇనుములో మిగిలిన అయస్కాంతం వల్ల ఆ కాస్తా పుడుతోంది, ఫీల్డ్ కాయిల్ పనిచేయడం లేదు. నాలుగైదు వోల్టుల దగ్గర నిలిచిపోతే ఆర్మేచర్ వైండింగ్‌ని అనుమానించాలి. ముల్లు కొట్టుకులాడుతుంటే మురికి కమ్యుటేటరో, బ్రష్ ఇరుక్కోవడమో.

ఇంకో సులువైన రుజువు ఉంది. ఇంజన్ ఆపి, బెల్టు తీసేసి, డి, ఎఫ్ కలిపిన చోటుకి బ్యాటరీ లైవ్ కొస నుంచి వైరు ఇవ్వండి. డైనమో మోటారులా నెమ్మదిగా, వణకకుండా తిరగాలి. తిరగకపోయినా, చేత్తో తోస్తే ఒక్క ఎగురు ఎగిరి ఆగినా లోపల లోపం ఉన్నట్టే.

నాలుగో మెట్టు: డైనమో విప్పాక

వెనక నుంచి ముందుకి పోయే రెండు పొడుగు బోల్టులు తీస్తే వెనక మూత బ్రష్షులతో సహా వస్తుంది. బ్రష్షు తన గూట్లో పైకీ కిందకీ తేలిగ్గా జారాలి. నల్లపొడి పట్టి ఇరుక్కుంటే పెట్రోలు గుడ్డతో తుడిచి, పక్కల్ని సన్నటి ఆకురాయితో కాస్త రుద్దండి. పొడవు సుమారు 7 మిల్లీమీటర్లకి అరిగితే మార్చాలి. సైజు కుదిరిందని ఏ స్కూటర్ బ్రష్షో తెచ్చి పెట్టకండి, కార్బన్ రకం వేరైతే కమ్యుటేటర్‌ని తినేస్తుంది. కొత్త బ్రష్షు ముఖం కమ్యుటేటర్ వంపుకి సరిపోయేలా, గ్లాస్ పేపరుని కమ్యుటేటర్ చుట్టూ గరుకు బయటికి చుట్టి, దాని మీద బ్రష్షుని ఆడించి కూర్చోబెట్టండి.

కమ్యుటేటర్ నున్నగా, ముదురు చాక్లెట్ రంగులో ఉంటే అది ఆరోగ్యం, మెరిసేదాకా రుద్దనక్కర్లేదు. మురికైతే పెట్రోలు గుడ్డ, గీతలుంటే సన్నటి గ్లాస్ పేపరు. ఎమెరీ కాగితం వద్దు, దాని రేణువులు కరెంటుని మోస్తాయి, రాగి పట్టీల సందుల్లో ఇరుక్కుని షార్ట్ చేస్తాయి. గాడి పడితే లేత్ మీద పలచగా చెక్కించి, పట్టీల మధ్య మైకాని సుమారు 0.8 మిల్లీమీటర్ల లోతు తవ్వించాలి. లేత్ పట్టించి మైకా తవ్వకుండా ఇచ్చేస్తే కొన్నాళ్లకే బ్రష్షులు ఎగిరెగిరి పడి మళ్లీ కాలుతుంది. ఒకటి రెండు పట్టీలు మాత్రమే నల్లగా కాలి ఉంటే ఆ చోట ఆర్మేచర్ తీగ తెగింది. మూత లోపల సీసపు తుంపరలు కనిపిస్తే ఎప్పుడో అతిగా వేడెక్కి టంకం కరిగి చిందింది.

ఫీల్డ్ కాయిల్‌ని మీటరు ఓమ్‌ల మీద పెట్టి ఎఫ్ నుంచి బాడీకి కొలవండి. సి39, సి40లకి సుమారు 6 ఓమ్‌లు రావాలి. అంటే 12 వోల్టుల దగ్గర రెండు ఆంపియర్లు. అంకె అనంతం చూపిస్తే కాయిల్ తెగింది. మూడు, నాలుగు ఓమ్‌లైతే లోపల కొన్ని చుట్లు షార్ట్. ఈ రెండోది మోసకారి. డైనమో పనిచేస్తున్నట్టే ఉంటుంది, రెగ్యులేటర్ పాయింట్లు మాత్రం తరచూ కాలిపోతుంటాయి.

ఆర్మేచర్ అనుమానం ఉంటే వైండింగ్ షాపులో గ్రోలర్ (ఆర్మేచర్ షార్ట్ పట్టే పరికరం) మీద పెట్టించి, మీ కళ్ల ముందే చూపించమనండి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఇప్పటికీ సెల్ఫ్, డైనమో ఆర్మేచర్లు చుట్టే చేయి తిరిగిన పనివాళ్లున్నారు. చుట్టించేటట్టయితే వార్నిష్ వేసి ఆరబెట్టారా అని అడగండి. అది లేకపోతే వేగానికి తీగలు కదిలి ఒరుసుకుంటాయి. బిగించేముందు వెనక బుష్‌లో ఊగులాట చూడండి. అక్కడ నూనె రంధ్రం ఉంటుంది, ఇంజన్ ఆయిల్ నాలుగైదు చుక్కలు చాలు. ఎక్కువ పోస్తే కమ్యుటేటర్ మీదికి చేరుతుంది.

ఐదో మెట్టు: రెండు వైర్లు

డైనమో బాగుందని తేలింది కదా. వైర్లని డైనమోకి తిరిగి బిగించి, ఈసారి కంట్రోల్ బాక్సు దగ్గర డి, ఎఫ్ వైర్లు విప్పి, వాటి కొసల్ని ఒకదానితో ఒకటి కలిపి, ఇందాకటి పరీక్షే మళ్లీ చేయండి. మీటరు రెండో పుల్ల బాడీకి. ఇందాకటి అంకెలే వస్తే వైర్లు బాగున్నట్టు. రాకపోతే మధ్యలో ఎక్కడో వైరు తెగింది, లేదా ఒరుసుకుని బాడీకి తగులుతోంది. ఎక్కువగా ఇంజన్ పక్క క్లిప్పు దగ్గర చూడండి. తిరిగి బిగించేటప్పుడు రెండూ తారుమారైతే రెగ్యులేటర్ పాయింట్లు క్షణాల్లో కాలతాయి. కట్టిన చీటీలు చూసే పెట్టండి.

ఆరో మెట్టు: కంట్రోల్ బాక్సు

దీని మీద ఐదు టెర్మినళ్లు: ఏ (A), ఏ1 (A1), డి (D), ఎఫ్ (F), ఈ (E). లోపల రెండు బాబిన్లు, ఒకటి రెగ్యులేటర్, ఒకటి కటౌట్. మూడు బాబిన్లుంటే అది తర్వాతి రకం, దాని సెట్టింగులు వేరు, ఈ కింది అంకెలు దానికి వాడకండి.

ఇంజన్ ఆపి ఉండగా 'ఏ' (A) టెర్మినల్‌కీ ఎర్త్‌కీ మధ్య బ్యాటరీ వోల్టేజి పూర్తిగా రావాలి. రాకపోతే బ్యాటరీ నుంచి వచ్చే దారి తెగింది. తర్వాత 'ఈ' (E) టెర్మినల్ నుంచి బాడీకి ఓమ్‌లు చూడండి, దాదాపు సున్నా ఉండాలి. 'ఈ' (E) వైరు ఊడితే లోపలి కాయిళ్లకి కరెంటు దారి ఉండదు. రెగ్యులేటర్ తెరుచుకోదు, కటౌట్ మూసుకోదు, డైనమో పగ్గం లేకుండా వోల్టేజి పెంచుకుంటూ పోతుంది. పైన చెప్పిన, వేగంతోపాటు ప్రకాశించే ఎర్రలైటు దీని గుర్తే.

రెగ్యులేటర్ సెట్టింగు చూడాలంటే, ముందు బ్యాటరీ ఎర్త్ తీసి, ఏ, ఏ1 వైర్లని పెట్టె నుంచి విప్పి రెండింటినీ కలిపి టేపు చుట్టి, బ్యాటరీ ఎర్త్ మళ్లీ పెట్టండి. ఇగ్నిషన్‌కి కరెంటు అందుతుంది, పెట్టె మాత్రం బ్యాటరీ నుంచి విడిపోతుంది. మీటరు డి (D), ఈ (E) టెర్మినళ్ల మధ్య పెట్టి ఇంజన్ వేగం నెమ్మదిగా పెంచండి. ముల్లు ఎక్కుతూ పోయి ఒకచోట టక్కున నిలబడాలి. ఆ అంకె 16 వోల్టుల దగ్గర, పెట్టె రకాన్నీ వాతావరణాన్నీ బట్టి అర వోల్టు అటూ ఇటూ ఉండాలి. ఇదంతా అర నిమిషంలో ముగించాలి, లేకపోతే కాయిల్ వేడెక్కి అంకె తప్పు వస్తుంది.

16 చూసి కొంతమంది గుండె గుభేలుమంటుంది. "14.4 మించకూడదు కదా" అని స్క్రూ తిప్పి 14కి దించేస్తారు. అక్కడి నుంచి ఆ బండి బ్యాటరీ ఎప్పటికీ నిండదు. 16 అనేది బ్యాటరీ కలవనప్పటి అంకె. బ్యాటరీ, లైట్లు కలిశాక కరెంటు పెట్టెలోని ఇంకో చుట్ట ద్వారా పోయి, అదే రెగ్యులేటర్‌ని ముందే తెరిచి వోల్టేజిని దించుతుంది. నిండిన బ్యాటరీ దగ్గర కొలిస్తే మామూలుగా 13.5 నుంచి 14.5 మధ్య కనిపిస్తుంది. బ్యాటరీ టెర్మినళ్ల దగ్గరే 15 దాటి, నీళ్లు త్వరగా తగ్గిపోతుంటే అప్పుడు అది నిజంగా అతి ఛార్జింగ్.

స్క్రూ ముట్టుకోవడం ఆఖరి పని. ముందు ఇంజన్ ఆపి, బ్యాటరీ విడదీసి పాయింట్లు శుభ్రం చేయండి. రెగ్యులేటర్ పాయింట్లకి సన్నటి కార్బోరండం రాయి, కటౌట్ పాయింట్లు మెత్తటి వెండివి కాబట్టి వాటికి గ్లాస్ పేపరు మాత్రమే. స్పిరిట్‌తో పొడి తుడిచేయండి. అప్పటికీ అంకె తేడాగా ఉంటే లాక్ నట్టు వదులు చేసి స్క్రూని కుడివైపు తిప్పితే వోల్టేజి పెరుగుతుంది, ఎడమవైపు తగ్గుతుంది. పావు చుట్టు కూడా ఎక్కువే.

కటౌట్‌కి ఏ, ఏ1 వైర్లు తిరిగి బిగించి, హెడ్‌లైట్లు వేసి, డి (D), ఈ (E) టెర్మినళ్ల మధ్య మీటరు పెట్టి ఇంజన్‌ని చాలా మెల్లగా రేజ్ చేయండి. 12.7 నుంచి 13.3 మధ్య పాయింట్లు మూసుకోవాలి. ఆ క్షణంలో మీటరు అంకె కొంచెం వెనక్కి తగ్గుతుంది. ఇంజన్ ఆపాక పాయింట్లు విడిపోయాయో లేదో కళ్లారా చూడండి.

విడిపోకుండా అతుక్కుంటే ఆలోచించకుండా బ్యాటరీ ఎర్త్ పీకేయండి. ఆగి ఉన్న డైనమోలోకి బ్యాటరీ కరెంటు వెనక్కి పారి, వైర్లు పొగలొస్తాయి. రాత్రికి రాత్రే బ్యాటరీ దిగిపోయే బండ్లలో దీన్నీ తప్పక చూడాలి. డైనమో చేతికి వెచ్చగా తగిలితే అనుమానం తీరినట్టే. పాయింట్లు బాగానే ఉన్నా రాత్రిపూట దిగుతుంటే మీటరుని 10 ఆంపియర్ల సాకెట్లో పెట్టి, బ్యాటరీ ఎర్త్ తీసి మధ్యలో కలపండి. అన్నీ ఆపి ఉంటే దాదాపు సున్నా రావాలి. మీటరు అలా ఉండగా సెల్ఫ్ మాత్రం కొట్టకండి.

పోలరైజ్ చేయడం

డైనమో విప్పి బిగించినా, చాలా ఏళ్లు పక్కన పడి ఉన్నా, ప్లస్ ఎర్త్ నుంచి మైనస్ ఎర్త్‌కి మార్చినా, దానికి దిక్కు నేర్పాలి. లేకపోతే తలకిందుల వోల్టేజి పుట్టించి కటౌట్ పాయింట్లు కాల్చేస్తుంది. ఎఫ్ వైరుని డైనమో నుంచి తీసి, బ్యాటరీ లైవ్ కొస నుంచి తెచ్చిన వైరుతో డైనమో ఎఫ్ టెర్మినల్‌ని రెండు మూడు సార్లు, ఒక్కో సెకను తాకించండి. చిన్న మిణుగురు వస్తుంది. అంతే. ఇది లూకాస్‌కి మాత్రమే.

ఇక ఆల్టర్నేటర్ పెట్టించుకోవాలా

రోజూ నడిపే బండికి పెట్టించుకోవడంలో తప్పేమీ లేదు. ప్లస్ ఎర్త్ అయితే ముందు మైనస్‌కి మార్చాలి. 'ఏ' (A) టెర్మినల్ నుంచి బ్యాటరీకి వెళ్లే పాత వైరు 22 ఆంపియర్లకి సరిపడేది, కొత్త కరెంటుకి లావు వైరు వేయాలి. ఎర్రలైటు బల్బు ఇక అలంకారం కాదు, తప్పనిసరి. 50 ఏళ్లు దాటిన బండిని 2021 నిబంధనల కింద వింటేజ్‌గా, వీఏ సిరీస్‌లో రిజిస్టర్ చేయించే ఆలోచన ఉంటే బండి అసలు రూపం నిలుపుకోవాలి. ఛాసిస్, బాడీ, ఇంజన్‌లో పెద్ద మార్పులు ఉండకూడదని ఆ నిబంధన. డైనమోని ఆ జాబితాలో విడిగా చెప్పలేదు గానీ, ర్యాలీలో బానెట్ ఎత్తి చూసేవాళ్ల కన్ను ముందు దాని మీదే పడుతుంది. నా మాట అడిగితే, అలాంటి బండికి డైనమో అలాగే ఉంచి, పార్కింగ్, వెనక లైట్లకి ఎల్‌ఈడీలు వేసి లోడు తగ్గించండి. ప్లస్ ఎర్త్ బండికి ఆ పోలారిటీకి పనిచేసే ఎల్‌ఈడీలే అడిగి తీసుకోండి. పాత డైనమో మార్చినా పారేయకండి, రంధ్రాలకి నూనె వేసి డిక్కీలో పెట్టుకోండి, విడిభాగాలకి పనికొస్తుంది.